ఓబులవ్వ ముక్కు

ఎప్పటి మాటో నన్నడగొద్దండి. మీ తాతకు తాత ఇసుకలో వేలు పెట్టి అ ఆ దిద్దుకునే కాలం. పాలెగాళ్ళ కాలం. వంక ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక బడి, ఆ బడికి ఇసుక మోసే ఒక ఆడమనిషి. కథంతా ఈ ఆడమనిషిదే. గమ్మున కూర్చోండి. మధ్యలో లేచిపోతే మళ్ళా మొదట్నుంచి చెప్పేది లేదు.

ఆమె పేరు ఓబులమ్మ. పిల్లలకు ఓబులవ్వ. కుమ్మరోళ్ళ బిడ్డ. మొగుడు చానా ముందే పోయినాడు, పిల్లల్లేరు. పొట్టి మనిషి, ముక్కు చప్పిడి. ముక్కు సంగతి గుర్తు పెట్టుకోండి, దాంతో పనుంది మనకు.

బడంటే మూడు వరసలు. ముందు వరస ఇసుక వరస, పసిబిడ్డలది. నేల మీద ఇసుక పరిచి వేలితో రాస్తారు. నడిమిది పలక వరస. వెనకది తాటాకు వరస, మీసం మొలిచే పిల్లోళ్ళది. వాళ్ళు గంటంతో ఆకు మీద గీస్తారు. ఆడపిల్లలు ఇసుక వరస దాకానే. ఆ తర్వాత ఇంటికి పోయి చీపురు పట్టుకునేదే. ఎందుకని నన్నడిగితే నేనేం చెప్పేది? ఆ పెద్దమనుషులే చెప్పల్ల, వాళ్ళా లేరు.

ఓబులమ్మ వంకలో ఇసుక జల్లించి, రాయీ రప్పా ఏరి, గంపకెత్తుకుని వచ్చి బళ్ళో పోసేది. ఒకనాడు గంప అడుగున జిగట మట్టి ముద్ద ఒకటి ఉండిపోయింది. ఇసుక వరసలో సుంకులి అని ఒక పిల్ల. అది ఆ ముద్దను పట్టుకుని వదిలితే ఒట్టు.

"అవ్వా, దీంతో ఏం చేస్తారు?"

"నీకేం కావాలంటే అది చేస్తారు తల్లీ."

"ఎద్దు చేస్తారా?"

"ఎందుకు చెయ్యరు? చెయ్, చూస్తాను."

బడి చెప్పే అయ్యవారు మంచోడే. మంచోడంటే భయస్తుడు. పిల్లలంతా మట్టి కోసం ఎగబడుతుంటే కాదనలేక, "సంత రోజు సగం మంది రారు గదా, ఆ పూట నీ మట్టి పని చెప్పుకో" అన్నాడు. అట్ల మొదలయింది.

ఎవరి వరసకు ఏది తగునో ఆమెకు తెలుసు. ఇసుక వరసకు గిల్లడం నేర్పింది. ముద్దను ఇక్కడ గిల్లితే మూపురం, ఇక్కడ గిల్లితే కొమ్ము, ఇక్కడ గిల్లితే తోక. పలక వరసకు అతకడం నేర్పింది. "ఊరికే అంటిస్తే ఆరినాక ఊడి కింద పడుతుంది నాయనా. రెండు పక్కలా పుల్లతో గీరు, నీళ్ళ మట్టి పుయ్యి, అప్పుడు అదుము." తాటాకు వరసకు కడుపు తొలవడం నేర్పింది. "లోపల గట్టిగా ఉంటే ఆవంలో కాల్చేటప్పుడు పేలిపోతుంది, మీ అయ్య వచ్చి నన్ను తిడతాడు." పసిబిడ్డలు మేమూ తొలుస్తామని ఏడిస్తే, "మీ వేళ్ళు పెద్దగయ్యేదాకా మట్టి యాడికీ పోదులే" అనేది.

ఒకటి మాత్రం చేసేది కాదు. పిల్లల బొమ్మ మీద చెయ్యి వేసేది కాదు. వరసల మధ్య తిరిగేటప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకునేది. ఎద్దుకు అయిదు కాళ్ళొచ్చినా అంతే, తల ఊడి ఒళ్ళో పడినా అంతే. నోటితోనే చెప్పేది. పిల్లలు "నువ్వే సరి చెయ్ అవ్వా" అని గోజారితే ఒకటే మాట.

"నీ చెయ్యి, నీ మట్టి, నీ ఎద్దు."

ఎందుకంత పట్టుదలంటే, దానికో మంట ఉంది ఆమె కడుపులో. కుమ్మరిళ్ళల్లో ఆడదాన్ని సారె ముందు, అదే కుండలు చేసే చక్రం ముందు, కూర్చోనియ్యరు. మట్టి తొక్కల్ల, మొయ్యల్ల, అంతే. చిన్నప్పుడు ఓబులమ్మ దొంగచాటుగా చేత్తోనే ఒక గుర్రాన్ని చేసుకుంది. వంకర కాళ్ళ గుర్రం. దాని పక్కన పడుకుంది, దానితో మాట్లాడింది. వాళ్ళ నాయన చూసి తిట్టలేదు పాపం, ముద్దు చేసినాడు. "ఇట్లియ్యి బిడ్డా" అని తీసుకుని, కాళ్ళు సాపు చేసి, మెడ నిలబెట్టి, జూలు గీసి ఇచ్చినాడు. చూసినోళ్ళంతా "మీ నాయన ఎంత బాగా చేసినాడే!" అన్నారు. ఆ పిల్ల ఆ గుర్రాన్ని మళ్ళా ముట్టుకోలేదు. పెళ్ళయి అత్తింటికి పోయేటప్పుడు కూడా అది గూట్లోనే ఉండింది.

సరే. ఏరువాక పున్నం పోయినాక వచ్చే అమావాస్యకు మనోళ్ళు మట్టి ఎద్దుల జత చేసి పూజిస్తారు గదా. ఆ ఏడు ఊళ్ళో అందరి ఇళ్ళకూ బడి పిల్లలు చేసిన ఎద్దులే పెట్టాలనుకున్నారు. ఓబులమ్మ ఆనందం ఏం చెప్పేది! మూడు వరసలూ కూర్చుని చేస్తాంటే ఆమెకు తిండి మీద ధ్యాస లేదు. అప్పుడే కబురొచ్చింది. పాలెగారు ఆ దారిన పోతా, పిల్లల ఎద్దుల్ని చూడ్డానికి ఊళ్ళో ఆగుతాడంట.

ఊరి పెద్ద చెన్నప్ప ఉరుకులు పరుగుల మీద బడికొచ్చినాడు. బొమ్మల్ని చూసి నెత్తి కొట్టుకున్నాడు. ఒక ఎద్దుకు చెవులు కాళ్ళంత. ఇంకొకటి నవ్వుతాంది. సుంకులి ఎద్దు పడుకునుంది, దానికి ఒక్కటే కొమ్ము.

"ఇవి ఎద్దులా, ఎలుకలా? పాలెగారు మన ముఖాన ఉమ్ముతాడు. రెండ్రోజుల్లో అన్నీ సరిచెయ్యి" అన్నాడు ఓబులమ్మతో.

"వాళ్ళింట్లో ఎద్దుకు ఒకటే కొమ్ము సామీ. కాలు నొప్పికి పడుకునే ఉంటుంది. ఆ పిల్ల చూసి చేసింది."

"నాకు కథలొద్దు. సరిచెయ్."

"నా చెయ్యి పడదు సామీ. వాళ్ళ చెయ్యి, వాళ్ళ మట్టి, వాళ్ళ ఎద్దు."

చెన్నప్ప గదమాయించి పోయినాడు. తర్వాత అయ్యవారు వచ్చి బతిమాలినాడు. "నా బడి పోతుంది ఓబులమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా." ఆమె అదే మాట చెప్పింది. ఆ తర్వాత తల్లులు వచ్చినారు, చాటున, ఒక్కొక్కరే. "అందరివీ వద్దులే వదినా, మా పిల్లోడిది ఒక్కటి కొంచెం సాపు చెయ్, ఎవరికీ చెప్పను." ఆమె అదే మాట చెప్పింది. అందరికీ కోపమొచ్చింది. ఇసుక మోసే దానికి ఇంత గీరేంది అని మొటికలు విరిచినారు.

చెన్నప్ప ఆమెకు చెప్పాపెట్టకుండా పక్క ఊరినుంచి ఒక బొమ్మలాయన్ని పిలిపించినాడు. ఆయన నిగనిగలాడే ఎద్దులు చేసినాడు. అన్నీ ఒకటే ఎత్తు, అన్నిటికీ రెండు కొమ్ములు, అన్నిటికీ మెడలో గంటలు. పిల్లలవి గంపలకెత్తి పెంటదిబ్బ మీద పారబోయించినారు.

పాలెగారు వచ్చినాడు. అరుగు మీద వరసగా ఎద్దులు. పిల్లలు మూడు వరసల్లో నిలబడినారు. ఓబులమ్మ వాకిలి దగ్గర నిలబడి ఆ ఎద్దుల్ని చూసింది. ఒక్కటి కూడా తన పిల్లలది లేదు.

పాలెగారు ఒక ఎద్దును చేతిలోకి తీసుకుని మురిసిపోయినాడు. "ఓయబ్బ! ఇది ఎవరు చేసినారు రా?"

ఇసుక వరసను అడిగినాడు. పలకలేదు. పలక వరసను అడిగినాడు. పలకలేదు. తాటాకు వరసను అడిగినాడు, వాళ్ళూ పలకలేదు. మూడు వరసలూ చేతులు వెనక్కి కట్టుకున్నారు, అవ్వ కట్టుకునేటట్లే. ఎవరూ నేర్పింది కాదు అది.

అప్పుడు సుంకులి అనింది. "ఇవి మావి కాదు. మా ఎద్దుకు ఒకటే కొమ్ము."

పాలెగారి ముఖం నల్లబడింది. "నన్ను ఎర్రిపప్పను చేసిందెవరు?" అని ఉరిమినాడు. చెన్నప్ప అటు చూసినాడు, ఇటు చూసినాడు, వాకిట్లో ఓబులమ్మ కనబడింది.

"ఇదే సామీ, ఈ కుమ్మరామె. పిల్లలకు నేర్పడం చేతగాక, అన్నీ తానే చేసి పెట్టింది."

చూసినారా! ఇంకేమైనా అనుంటే ఓర్చుకునేది ఆ తల్లి. దొంగ అనుంటే ఓర్చుకునేది, మాయలాడి అనుంటే ఓర్చుకునేది. ఏ పని చెయ్యనని అందరితో మాటపడిందో, ఆ పనే చేసిందన్నారు.

"నా చెయ్యి పడలేదు సామీ" అనింది. చెన్నప్ప దిక్కు చూసింది, వాడు మీసం సవరించుకుంటున్నాడు. అయ్యవారి దిక్కు చూసింది, ఆయన తాటాకులోకి తల దూర్చినాడు. తల్లుల దిక్కు చూసింది. ఇసుక వరస బిడ్డలు "అవ్వ కాదు! అవ్వ కాదు!" అని అరుస్తాంటే తల్లులు వాళ్ళ నోళ్ళు మూస్తున్నారు. ఆ బొమ్మలాయన కూడా ఆ గుంపులోనే ఉన్నాడు, ఆకు వక్క నముల్తా. వాడన్నా నోరు మెదిపినాడా? లేదు.

"ఊరు దాటించండి" అన్నాడు పాలెగారు, గుర్రమెక్కి పోయినాడు. ఆయనకు ఆ సాయంత్రానికే అది గుర్తుండదు.

ఓబులమ్మ ఎవరినీ శపించలేదు. నేనైతే శపించేవాణ్ణి. ఆమె గంప ఎత్తుకుని నేరుగా పెంటదిబ్బ దగ్గరికి పోయింది. పేడలోంచి పిల్లల ఎద్దుల్ని ఒక్కొక్కటే ఏరి గంపలో పేర్చుకుంది. వంక దాటి, మట్టి తవ్వే గుంతల పక్కన బోద గడ్డితో గుడిసె వేసుకుంది.

పిల్లలు ఆమె కోసం పోయినారు. మొదటిసారి సంగటి ముద్ద తీసుకుని పోయినారు. "మీ అమ్మలు కొడతారు, ఇంటికి పోండి" అనింది, కానీ ముద్ద తినింది. రెండోసారి పోయినప్పుడు ఆమె చలిజ్వరంతో వణుకుతాంది. "అవ్వా, మాకు మట్టి పని ఎవరు చెప్తారు?" అని అడిగింది సుంకులి. "నేర్చుకున్నారు గదా తల్లీ, ఇంక నేనెందుకు?" అని ఏడ్చింది. ఆమె ఏడవడం పిల్లలు చూసింది అదొక్కసారే. తర్వాత వంక పొంగింది. వంక తగ్గినాక మూడోసారి పోతే, అవ్వ చనిపోయి ఉంది.

గుడిసె గోడకు మట్టి అరుగు ఉంది. దాని మీద ఎద్దులు, మూడు వరసలుగా. ఇసుక వరస ముందు, పలక వరస నడిమిన, తాటాకు వరస వెనక. విరిగిన కొమ్ము విరిగినట్టే ఉంది. ఊడిన తోక ఎద్దు పక్కనే ఉంది, అతకలేదు. పిల్లలు ఎవరిది వాళ్ళు గుర్తుపట్టి తీసుకున్నారు. తాటాకు వరస మగపిల్లోళ్ళు కూడా వెక్కి వెక్కి ఏడ్చినారు.

ఆ ఏడే ఊళ్ళో ఎద్దులకు గాలికుంటు వచ్చింది. గిట్టలు పుండ్లు పడి, నోట చొంగ కారి, దున్నేదానికి ఒక్క జత లేవలేదు. సోదెమ్మ వచ్చి ఓబులమ్మ ఉసురు అనింది. అప్పుడు పుట్టింది భయం! బతికినన్నాళ్ళూ గంపెడు ఇసుకకు పిడికెడు గింజలు విసిరినోళ్ళు, చచ్చినాక గుడి కడతామని పోటీలు పడినారు. ముందు నిలబడింది ఎవరనుకుంటున్నారు? చెన్నప్పే. బొమ్మ చెక్కింది ఎవరు? ఆ ఆకు వక్క నమిలే ఆయనే.

చక్కగా చెక్కినాడు రాయిని. ఎత్తు మనిషి, మెడనిండా నగలు, సంపెంగ మొగ్గ మాదిరి ముక్కు. ఊరంతా చెంపలేసుకున్నారు. "తల్లీ ఓబులమ్మా, కాపాడు" అని సాగిలపడినారు.

సుంకులి మాత్రం దండం పెట్టలేదు. బొమ్మను కిందికీ పైకీ చూసింది.

"ఇది అవ్వ కాదు. అవ్వ ముక్కు ఇట్లుండదు."

"నోర్ముయ్" అన్నాడు చెన్నప్ప. "ఉన్నది ఉన్నట్టు చెక్కితే బాగుంటుందా? సరి చేసినాం."

ఆ పిల్ల వంకలోకి దిగి, పిడికెడు జిగట మట్టి తెచ్చి, ఆ రాతి ముక్కు మీద పెట్టి బొటనవేలితో అదిమింది. చప్పిడి ముక్కు. పిల్లలంతా "అవ్వ! అవ్వ!" అని గంతులేసినారు. పెద్దోళ్ళు దాని వీపు చీరేసి, ఇసుకా పీచూ పెట్టి బొమ్మ ముఖం తోమినారు. మరుసటి రోజు ఇంకో పిల్ల మట్టి పెట్టింది. మళ్ళా తోమినారు. సుంకులి తోటి ఆడపిల్లలందరి మాదిరే చీపురు పట్టుకోను ఇంటికి పోయింది. కానీ పోయే ముందు వెనకొచ్చే ఇసుక వరసకు ఈ పని అప్పజెప్పింది.

ఇప్పటికీ ఆ దిక్కున ఇదే నడుస్తాంది. బళ్ళో చేరిన బిడ్డ మొదటి రోజు పిడికెడు మట్టి తీసుకుపోయి అవ్వ ముక్కుకు పెడుతుంది. పూజారి సాయంత్రం ఇసుకతో తోమేస్తాడు. మట్టి ఎద్దుల అమావాస్యకు పిల్లలు పనిలో కూర్చుంటే, పెద్దోళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాల. ఎవరన్నా ఆగలేక చెయ్యి చాపితే పిల్లలు ఊరుకోరు. "చెయ్యి తీయ్! నా చెయ్యి, నా మట్టి, నా ఎద్దు" అంటారు.

ఒకసారి పోయి ఆ బొమ్మను చూడండి. నగలు అట్లే ఉన్నాయి, కళ్ళు అట్లే ఉన్నాయి. ముక్కు మాత్రం తోమీ తోమీ అరిగిపోయింది. సంపెంగ మొగ్గా లేదు, ఏం లేదు. చప్పిడిగా, అచ్చం ఓబులవ్వ ముక్కే. అది అరగదీసింది పిల్లలు కాదు, పెద్దోళ్ళే. వాళ్ళకు ఇంకా తెలీదు, రేపు సాయంత్రం కూడా తోముతారు.