ఆరని పచ్చదీపం

కాకినాడలో ఒక చిన్న కంపెనీలో కామేశ్ అనే ఇంజనీరు ఉండేవాడు. పనిలో దిట్టే కానీ, చెడ్డ కబురు చెప్పాలంటే అతనికి నోరు పెగిలేది కాదు.

ఆ కంపెనీ రొయ్యల చెరువుల కోసం ఒక పెట్టె తయారుచేసింది. నీళ్లలో వేలాడే సెన్సర్ ప్రాణవాయువు ఎంతుందో కొలిచేది. ఆ అంకె బస్ అనే తీగ వెంట పెట్టెలోకి వచ్చేది. దాన్ని అందుకుని పై ప్రోగ్రాముకు చెప్పడం, పెట్టెను నడిపే మూల ప్రోగ్రామైన కెర్నెల్‌లో ఉండే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాము పని. నీళ్లలో గాలి తగ్గితే పై ప్రోగ్రాము, నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లను తిప్పేది. అసలు కబురే రాకపోతే సైరన్ మోగించి, ఎందుకైనా మంచిదని ఏరియేటర్లన్నీ తిప్పేది. ఆ డ్రైవర్ రాసింది కామేశే.

కొనేవాళ్లకు పెట్టెను చూపించే రోజు దగ్గరపడింది. తీగ కాస్త కదిలినా బస్ ఎర్రర్ వచ్చి సైరన్ కూసేది. కామేశ్‌కు తల కొట్టేసినట్టుండేది. ఎర్రర్ వస్తే దాన్ని అక్కడే మింగేసి, అంతకుముందు వచ్చిన అంకెనే మళ్లీ పైకి పంపేలా డ్రైవర్‌ను మార్చేశాడు. సైరన్ నోరు మూసుకుంది. అంతా బాగుందని చెప్పే పచ్చదీపం నిలకడగా వెలిగింది.

అతనితో పనిచేసే జహీరా ఆ మార్పు చదివింది.

"కామేశ్ గారూ, బస్ పలక్కపోతే రెండు మూడుసార్లు మళ్లీ అడగండి. అప్పటికీ పలక్కపోతే తెలియదని పైకి చెప్పండి. పాత అంకె పంపడమేంటి?" అంది.

"అందరి ముందూ సైరన్ మోగితే ఎవరు కొంటారండీ? తర్వాత సరిచేస్తాలెండి" అన్నాడు కామేశ్.

ఆ 'తర్వాత' ఎన్నటికీ రాలేదు. పెట్టెలు అమ్ముడుపోయాయి, మెచ్చుకోళ్లు వచ్చాయి. మెడలో దండ పడ్డాక తప్పు ఒప్పుకోవడానికి ఎవరికి మనసొస్తుంది?

భీమవరం దగ్గర ముత్యాలరాజు అనే కౌలురైతు ఆ పెట్టె కొన్నాడు. వైట్ స్పాట్ తెగులు తగిలి ఆయన కిందటి పంటలు పోయాయి. ఈ పంట కూడా పోతే చెరువు వదులుకోవాల్సిందే. అందుకే రోజూ తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకుని గట్టు తిరిగేవాడు. గాలి చాలకపోతే రొయ్యలు గట్టువారకు వచ్చేస్తాయి. అది చూసి ఏరియేటర్లు వేసేవాడు.

"ఇంక నేను గట్టు తిరగక్కర్లేదాండీ?" అని పెట్టె బిగించడానికి వచ్చిన కామేశ్‌ను అడిగాడు.

"అక్కర్లేదండి. దీపం పచ్చగా ఉంటే నిశ్చింతగా పడుకోండి."

ఆయన నమ్మాడు, పడుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం, ఉప్పునీటికి తుప్పుపట్టిన తీగ తెగిపోయింది. ఎండవేళ నీళ్లలో గాలికి కొదవుండదు, రాత్రయ్యేకొద్దీ తగ్గిపోతుంది. డ్రైవర్ ఆ మధ్యాహ్నపు అంకెనే రాత్రంతా చెబుతూ పోయింది. ఏరియేటర్లు కదల్లేదు. తెల్లవారేసరికి రొయ్యలన్నీ గట్టువార చచ్చి పడి ఉన్నాయి. పచ్చదీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

కంపెనీ యజమానితో కలిసి కామేశ్ వచ్చాడు. తెగిన తీగను చూడగానే అతనికి సంగతి అర్థమైంది.

"ఏమైందండీ బాబూ? మీ పెట్టె ఇంకా బాగానే ఉందంటుందండి" అన్నాడు ముత్యాలరాజు.

కామేశ్ పక్కనున్న యజమాని ముఖం చూశాడు. "తీగ తెగిందండి" అన్నాడు. అంతే అన్నాడు.

"అయితే తీగ చూసుకోకపోవడం నా తప్పేనండి. మీరు మాత్రం ఏం చేస్తారు? ఎండనపడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్లండి."

కామేశ్ ఆ మజ్జిగ తాగాడు. చెప్పాల్సిన మాటను కూడా దాంతోపాటే మింగేశాడు. సిగ్గుండాలి.

జహీరా ఆ వారమే డ్రైవర్‌ను సరిచేసింది. ఇప్పుడు తీగ తెగితే పెట్టెలు కూస్తాయి. ముత్యాలరాజు చెరువు మాత్రం పోయింది. ఆయన వేరొకరి చెరువుకు కాపలా కుదిరాడు. అక్కడా అదే పెట్టె ఉంది. అయినా ఆయన టార్చిలైటు పట్టుకుని గట్టు తిరుగుతాడు.

"పెట్టె ఉండగా నీకెందుకయ్యా ఈ తిప్పలు?" అని ఆ చెరువు ఆసామి నవ్వాడు.

"పెట్టె మంచిదేనండి. నేనే అజాగ్రత్త మనిషిని" అన్నాడు ముత్యాలరాజు.

తెలియదని చెప్పాల్సిన చోట పాత మంచి కబురే చెప్పి నెట్టుకొచ్చేవాడు, తనను నమ్మినవాడి బతుకునే కాదు, ఆ మనిషికి తన మీద తనకున్న నమ్మకాన్ని కూడా కాజేస్తాడు.