ఏం వాసన లేదు

“ఈ ట్యాంకులోకి ఇక మనిషి దిగడు. యంత్రమే దిగుతుంది. పూచీ నాది.”

ఊరి చివరి తోళ్ల ఫ్యాక్టరీ మేనేజరు రెండు శవాల ముందు నిలబడి, చేతులు జోడించి అన్న మాట ఇది. ఏడాది తిరిగింది. యంత్రం రాలేదు. తోళ్లు కడిగిన మురికినీళ్లు చేరే ఆ భూగర్భ ట్యాంకు మళ్లీ బురదతో నిండింది. మార్చి మొదటి శుక్రవారం పొద్దున మనుషులే దిగి ఎత్తాలని హుకుం వచ్చింది. మొదట దిగవలసినవాడు లతీఫ్.

ముందురోజు సాయంత్రం లతీఫ్ దర్గాకు వెళ్లాడు. అక్కడి సత్తార్ బాబా అతని గురువు.

“ఒక తాయెత్తు కావాలి బాబా. నాకు కాదు, మా గ్యాంగుకి.”

“దేనికి?”

“ట్యాంకులో కొమ్మయ్య దయ్యమై ఉన్నాడట. పోయినేడు ముందు దిగింది అతనే. లోపలి నుంచి ‘ఏం వాసన లేదు, రాండ్రి’ అని కేకేశాడు. ఆ మాట నమ్మి బషీర్ దిగాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. మూత దగ్గరికి పోతే ఇప్పటికీ ఆ కేక వినబడుతోందని మావాళ్లు వణుకుతున్నారు. మేస్త్రీ నర్సింగ్ మూతకు నిమ్మకాయలు కూడా కట్టాడు.”

“నీకు భయం లేదా?”

లతీఫ్ నవ్వాడు. “భయమే బానిసత్వం బాబా. కార్మికుల మీటింగుల్లో నేను చెప్పేదే అది. అయినా నేను అత్తరు అమ్మినవాడి కొడుకుని. మూత తీసి ఒడ్డున కూర్చుంటాం. కంపు చచ్చేదాకా ఎవరూ దిగరు. చచ్చిందో లేదో చెప్పేది నా ముక్కే. ‘అత్తరు సాయబు ఉండగా మనకు మీటరెందుకురా’ అంటాడు నర్సింగ్.”

విషవాయువును కొలిచే ఆ మీటరు ఫ్యాక్టరీలో ఉంది. మేనేజరు బీరువాలో, అద్దం వెనక, భద్రతకు వచ్చిన బహుమతి కప్పు పక్కన ఉంది. దాని మీది ప్లాస్టిక్ కవరు ఇంకా ఎవరూ తీయలేదు.

బాబా లేచాడు.

“ఇస్తాను. లోపలికి రా.”

ఒకప్పుడు ఫకీర్లు ఒంటరిగా కూర్చునే గది అది. కిటికీ లేదు. బాబా నిప్పుల మీద లోబాన్ సాంబ్రాణి వేసి, తలుపు మూశాడు. సమాధి మీది పచ్చగుడ్డ ఒకటి తెచ్చి లతీఫ్ కళ్లకు కట్టాడు.

“వాసన పోయాక చెప్పు.”

లోబాన్ ఘాటు గొంతు దాకా దిగింది. లతీఫ్ దగ్గాడు. మొదట బాబా ఊపిరి వినిపించింది. తర్వాత అదీ వినిపించలేదు. ఘాటు మెత్తబడింది. పలచబడింది. చివరికి గోడల చల్లదనం ఒక్కటే మిగిలింది. గది ఖాళీ అయినట్టుంది. హాయిగా ఉంది.

“ఏం వాసన లేదు, బాబా.”

“తలుపు ఎవరైనా తీశారా?”

“లేదు.”

“కిటికీ?”

“ఈ గదికి కిటికీ లేదు కదా.”

“మరి ఎటు పోయింది?”

లతీఫ్ గుడ్డ లాగేశాడు. తెల్లటి పొగ. తన చేతులు తనకు కనబడలేదు. మోకాలి పక్కనే నిప్పులు ఎర్రగా మండుతున్నాయి. ఎదురుగా కూర్చున్న బాబా కనబడలేదు, గొంతు మాత్రం వినబడింది.

“ఇందాక ఏమన్నావో మళ్లీ అను, బేటా.”

“ఏం వాసన...”

మిగతా మాట పైకి రాలేదు. గొంతు తనదే. మాట కొమ్మయ్యది.

తలుపు తెరుచుకుంది. పొగ మెల్లగా కదిలింది.

“తాయెత్తు ఇచ్చేశాను,” అన్నాడు బాబా. “పోయి పంచు.”

శుక్రవారం పొద్దున మూత తీశారు. కుళ్లిన గుడ్ల కంపు ఒక్కసారిగా మీద పడింది. అందరూ ముక్కులు మూసుకుని ఒడ్డున కూర్చున్నారు. కాసేపటికి ఒక్కొక్కరే చేతులు దించారు.

“సచ్చింది,” అన్నాడు నర్సింగ్. “దిగు సాయబూ. దయ్యం అడిగితే నా పేరు చెప్పకు.”

లతీఫ్‌కూ ఏ వాసనా రాలేదు. లోపలి చీకటి శుభ్రంగా, ఎవరో ఊడ్చి పెట్టినట్టుంది.

“నర్సింగన్నా, ఒక్కసారి గేటు దాకా పోయి రా.”

“గేటుకాడ ఏమున్నది? బిర్యానీ పంచుతున్నరా?”

“పోయి రా అన్నా. అందరూ పోయి రాండ్రి. గేటు బయట నిలబడి కాసేపు గాలి పీల్చి రాండ్రి.”

“దిగుడు తప్పించుకునే ఎత్తు ఇది,” అని నవ్వుకుంటూ వెళ్లారు.

తిరిగి వస్తూ, తోళ్ల షెడ్డు మూల దాటగానే నర్సింగ్ ఆగిపోయాడు. వెనకవాళ్లు అతనికి తగులుకుని ఆగారు. నర్సింగ్ చెయ్యి ముక్కు మీదికి పోయింది. కంపు అలాగే ఉంది. వాళ్లు కూర్చున్నంతసేపూ, నవ్వినంతసేపూ, అక్కడే ఉంది.

ఎవరూ నవ్వలేదు.

“కొమ్మయ్య గూడ గిట్లనే...” అని నర్సింగ్ మాట మింగేశాడు.

ఊపిరి బిగబట్టి, నలుగురూ కలిసి మూత లాగి వేశారు. నిమ్మకాయల దండను నర్సింగే తెంపి అవతల పారేశాడు. లతీఫ్ తోళ్లకు పూసే సున్నంలో గుడ్డ ముంచి మూత మీద ఒక మాట రాశాడు.

మధ్యాహ్నం మేనేజరు దాన్ని కడిగించాడు. మర్నాడు పొద్దున ఆ మాట మళ్లీ మూత మీద ఉంది. ఈసారి అక్షరాలు వంకర, నర్సింగ్‌వి:

“యంత్రమే దిగుతదన్నరు. ఏది? జవాబుకు గడువు మార్చి పది.”