జేగురు అంటని గొర్రెపిల్ల

గాడిద చెప్పే కథ కదా అని చులకన చేయకండి. జకరయ్య మందలో పదకొండేళ్ళు మూటలు మోసినదాన్ని నేను.

ఆ రోజుల్లో వరికోతలు అయ్యాక మెట్ట ఊళ్ళ మందలన్నీ కాలువల కిందికి దిగేవి. ఎరువు కోసం రైతులు పిలిచి మరీ తమ చేలల్లో మందలు పెట్టించుకునేవాళ్ళు. కోసిన చేలల్లో ఎక్కడ చూసినా గొర్రెలే. ఇప్పుడక్కడ రొయ్యల చెరువులు. ఆ దారిన పోతే నాకు ఏడుపొస్తుంది, సిగ్గులేకుండా చెబుతున్నాను.

జకరయ్య మెత్తని మనిషి. ఏ గొర్రెనూ కట్టేసేవాడు కాదు. పొద్దు వాలగానే గట్టు మీద నిలబడి ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచేవాడు. సొంత బావమరిది పేరు మర్చిపోయేవాడు గానీ గొర్రె పేరు మర్చిపోయేవాడు కాదు.

దారిలో మందలు కలిసిపోతాయని కాపర్లు గొర్రెల వీపున జేగురు పూసేవాళ్ళు. మా జకరయ్యా అంతే. ఆ ఏడు చివరి పిల్ల దగ్గరికి వచ్చేసరికి ముంతలో ఎర్రరంగు అయిపోయింది. నొసట తెల్లచుక్క ఉన్న పిల్ల అది, పేరు చుక్కి. "నీకు తర్వాత చూద్దాంలే" అని వదిలేశాడు. తర్వాత చూడనేలేదు.

ఆదివారం వస్తే మందను పక్క చేలో మేతకు వదిలి జకరయ్య చర్చిలోకి వెళ్ళేవాడు. నేను కిటికీ పక్కన నిలబడి ప్రసంగం వినేదాన్ని. దేవుడు తనవాళ్ళెవరో లోకం పుట్టకముందే ఎరుగునని ఆ వారం అయ్యగారు చెప్పారు. అంతవరకే విన్నాను. గోడవార పచ్చగడ్డి కనబడింది మరి. కలబంద పొదల వెనక నక్క కూడా విన్నది. దానికి కోడి అరుపు వినబడి మధ్యలోనే లేచిపోయింది. సగం ప్రసంగంతో ఇద్దరం పండితులమైపోయాం.

మర్నాడు మధ్యాహ్నం కాలువ అవతలి ఒడ్డున నక్క ప్రత్యక్షమైంది. ఇటువైపు చుక్కి ఒక్కతే మేస్తోంది. మధ్యలో దాటడానికి తాటిదుంగ ఉంది.

"అమ్మాయ్, నీ వీపున రంగు లేదేం?"

"అయిపోయింది మావా."

"అయిపోయిందా, నీకే లేకుండా పోయిందా? పిచ్చితల్లీ, మీ కాపరికి తనవాళ్ళెవరో ముందే తెలుసు. వాళ్ళకే గుర్తు వేశాడు. ఇక నువ్వు మందలోకి పోయినా ఒకటే, పోకున్నా ఒకటే. ఇటు రా, ఈతచెట్ల కింద లేత జీలుగ మేత ఉంది."

చుక్కి బెంగగా నా దగ్గరికి పరిగెత్తింది.

"అత్తా, నువ్వు ప్రసంగాలు వింటావు కదా. నక్క మావ చెప్పేది నిజమేనా?"

"అంతా ముందే రాసి ఉంటుందే పిల్లా. మన చేతుల్లో ఏముంది?" అని పెద్దరికంగా తలాడించాను. ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ నా చెవులు వాలిపోతాయి.

"అయితే నేను ఆయన గొర్రెను కాదన్నమాట" అంది చుక్కి. మెల్లగా దుంగ దగ్గరికి నడిచింది. నక్క పెట్టే జీలుగ విందు ఎలా ముగుస్తుందో నాకు తెలియదా? కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడానికి నా పాండిత్యం అడ్డొచ్చింది.

నక్క బతిమాలుతుండగానే పొద్దు వాలింది. గట్టు మీద జకరయ్య పిలుపు మొదలైంది. ఒక్కో పేరూ వినబడుతోంది, ఒక్కో గొర్రే వెళ్ళిపోతోంది. దుంగ మీద ఒక కాలు పెట్టి చుక్కి ఆగింది.

"మావా, ఆయనకు రాసి లేను సరే. మరి నేనెవరికి రాసి ఉన్నాను?"

"నాకే తల్లీ, ఇంకెవరికి?" నక్క గొంతులో తేనె కారింది.

"అయితే ఇక్కడే పడుకుంటాను. రాసి ఉంటే ఎలాగూ నీ దగ్గరికి చేరతాను కదా."

"అలా ఎలా కుదురుతుంది? దుంగ దాటి రావాలిగా!"

"నువ్వే రాకూడదూ?"

"అటొస్తే మీ మందకు కాపలా కుక్కలు నన్ను బతకనిస్తాయా? నువ్వే అడుగు వెయ్యాలమ్మా."

"ఓహో, అడుగు నాదేనన్నమాట."

నక్క దుంగ అంచు దాకా జరిగింది.

"చుక్కీ!" అని గట్టు మీంచి పిలుపు వచ్చింది. కాసేపాగి మళ్ళీ, "చుక్కీ!" ఆ గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"అలవాటు కొద్దీ పిలుస్తున్నాడులే, పట్టించుకోకు" అంది నక్క తొందరగా.

"నేను ఆయనదాన్ని కాకపోతే గొంతు పోయేలా ఎందుకు పిలుస్తాడు మావా? నేను నీదాన్నే అయితే మధ్యాహ్నం నుంచి నువ్వెందుకు బతిమాలుతున్నావు? ఇద్దరూ పిలుస్తున్నారంటే ఇది నేను తేల్చాల్సిన సంగతి. నేను ఆయన్ని నమ్ముతున్నాను."

దుంగ మీది కాలు వెనక్కి తీసి చుక్కి గట్టు వైపు పరుగు లంకించుకుంది. జకరయ్య ఎదురొచ్చి, మోకాళ్ళ మీద కూలబడి, దాని మెడ చుట్టూ చేతులు వేశాడు. ఎక్కడికి పోయావని కూడా అడగలేదు. నేనైతే ఏడ్చేశాను.

అవతలి ఒడ్డు నుంచి నక్క ఉక్రోషంగా అరిచింది. "గాడిదొదినా! అంతా ముందే రాసి ఉంటుందన్నావుగా!"

"అన్నాను బావా. ఇంకేం, నోరు తెరుచుకుని కూర్చో. రాసి ఉంటే కూడే నడిచొస్తుంది."

ఆ పూట దానికి ఎండ్రకాయ కూడా దొరికినట్టు లేదు, చాలాసేపు ఊళలు వినబడ్డాయి.

జకరయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ పొద్దు వాలితే నా చెవులు వాటంతటవే గట్టు వైపు తిరుగుతాయి. అప్పట్లో ఒక్కసారైనా అడగాల్సింది, చుక్కి వస్తుందని నీకు ముందే తెలుసా అని. తెలిసే ఉంటుంది. అయినా పిలిచాడు.

ఎవరు వస్తారో కాపరికి ముందే తెలియవచ్చు, కానీ వచ్చే అడుగు మాత్రం గొర్రే వెయ్యాలి.