మూట దించాక గాడిద ఎందుకు పొర్లుతుంది

ఒకప్పుడు గాడిద ఇలా దుమ్ములో పొర్లేది కాదర్రా. ఆ నవ్వు ఆపి వినండి. ఇది మా ఇంటి గాడిద సంగతి, మేం చెబితేనే బాగుంటుంది.

మా తాతమ్మకి తాతమ్మ పైడితల్లి ఏటి రేవులో బట్టలు ఉతికేది. ఆవిడ గాడిద పేరు నీలి. ఎంత పెద్ద మూటయినా మోసేది, ఒక్కనాడూ కింద పడెయ్యలేదు. అలాంటి గాడిద మరి ఇంకో ఇంట్లో లేదు.

బాధల్లా ఒకటే. రేవులో మూట దించేసినా నీలి కాళ్లు బిగబట్టి అలాగే నిలబడేది. గడ్డి ముట్టేది కాదు. కొత్తగా పుట్టిన పిల్ల పొదుగు కుడిచి కుడిచి, "అమ్మా, పాలు రావడం లేదే" అని ఏడ్చేది. పాపం, దాని డొక్కలు లోపలికి పోయాయి.

పైడితల్లి నీలి మెడ నిమిరింది. "మూట దించేశాను కదే. ఇంకా ఏం మోస్తున్నావే?"

"సాయంత్రం మూట," అంది నీలి. "మళ్లీ ఈ గట్టు ఎక్కాలిగా. తలుచుకుంటేనే వీపు బిగుసుకుపోతోందమ్మా."

"ఇలాగైతే పిల్ల దక్కదే తల్లీ," అంది పైడితల్లి. ఆవిడకి ఏడుపొచ్చేసింది.

కాళ్ల కింద ఇసుక ఇదంతా విన్నది. "సాయంత్రం మూట సాయంత్రం వస్తుంది. ఇప్పుడు నీ వీపు ఖాళీ. నమ్మకపోతే నా మీద పడుకుని చూడు," అంది.

"నేనా, పడుకోవడమా? నలుగురూ నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ. నీ పిల్ల కంటే ఎక్కువా వాళ్లు?"

నీలి పిల్లవైపు చూసింది. మోకాళ్లు వంచి ధబ్బున పడింది. నాలుగు కాళ్లూ గాల్లోకెత్తి అటూ ఇటూ పొర్లింది. ఇసుక తగిలిన చోటల్లా మూట లేదని వీపుకి తెలిసొచ్చింది. ముక్కు అదిరేలా పెద్ద ఊపిరి వదిలి, లేచి ఒళ్లు దులుపుకుంది.

ఒడ్డున కొంగ ఒకటే నవ్వు. "సిగ్గులేదూ, ఒళ్లంతా దుమ్ము!"

నీలి పట్టించుకోలేదు. నీళ్లు తాగింది, కడుపారా గడ్డి మేసింది. పిల్ల పొదుగు కిందకి దూరింది. కాసేపటికి దాని మూతి నిండా పాల నురగే.

సాయంత్రం మూట బరువేం తగ్గలేదు. అయినా నీలి చెవులు నిక్కించి గట్టు ఎక్కేసింది, పక్కన పిల్ల గెంతుతూ వచ్చింది. పైడితల్లి దారిలో ఎదురైన వాళ్లనల్లా ఆపి, "మా నీలిని చూశారా" అని చూపించుకుంది.

అప్పటినుంచే మూట దించగానే గాడిద ముందు దుమ్ములో పొర్లుతుంది, ఆ తర్వాతే మేత. పొర్లి లేచి ఊరంతా వినేలా ఓండ్ర పెడుతుంది చూడండి, అది 'నా పిల్ల కడుపు నిండింది' అని ఆ కొంగకి చెప్పడం.