వంపు తిరిగిన గుర్తులు

జోగారావు మాస్టారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఒకప్పుడు రాజమండ్రి అచ్చాఫీసులో సీసపు అక్షరాలు కూర్చిన ఆయన, ఇప్పుడు అదే ఊళ్లో వెబ్ పేజీలు తయారుచేయడం నేర్పుతున్నారు. ఎవరేమడిగినా "చూద్దాం" అని చేతిలో ఏదో ఒక పని పెడతారు.

ఆ ఉదయం శిష్యురాలు నీలవేణి మొహం చిన్నబుచ్చుకుని వచ్చింది. తోటి విద్యార్థిని కష్టపడి చేసుకున్న పేజీకి తాను అడక్కుండానే రంగులు మార్చి మెరుగులు దిద్దితే, ఆ పిల్ల మాట్లాడటమే మానేసింది.

"మేలు చేద్దామనే కదా మాస్టారూ చేశాను! మంచి మనసుతో చేసిన పని చెడెలా అవుతుంది?"

"చూద్దాం. ముందు వరద పేజీ సంగతి కానివ్వు," అన్నారాయన.

గోదావరి పోటెత్తి ఉంది. లంకల్లో చిక్కుకున్నవాళ్లను ఒడ్డుకు చేర్చే పడవల కోసం వీళ్లే ఒక పేజీ నడుపుతున్నారు. అందులో వరద బాధితుల శిబిరం పేరు నొక్కితే దారి చూపే మ్యాపు తెరుచుకుంటుంది. పాత కంప్యూటరు మొరాయించడంతో నీలవేణి కొత్తదాని ముందు కూర్చుని, ఆ పూటే తెరిచిన ఆరు శిబిరాలను గబగబా చేర్చి పేజీలో పెట్టేసింది. సరిచూసుకునే తీరిక లేకపోయింది.

పది నిమిషాలకే ఫోను మోగింది. పడవలు నడిపిస్తున్న సత్యవతి గొంతు.

"ఏమ్మాయ్, పేరు నొక్కితే అలాంటి పేజీ లేదంటోంది! పడవలో ముప్పైమంది ఉన్నారు, చంటిపిల్లలున్నారు. ఏ రేవుకి పోనివ్వమంటావ్?"

నీలవేణి పేజీ తెరిచింది. నిన్నటి పేర్లు నొక్కింది, తెరుచుకున్నాయి. ఇవాళ్టివి ఒక్కటీ తెరుచుకోలేదు. పేర్ల వెనక తాను రాసిన మ్యాపు చిరునామాలను అసలువాటితో అక్షరం అక్షరం పోల్చి చూసింది. తేడా లేదు!

"అక్షరాలు సరే, గుర్తులు చూశావా?" అన్నారు మాస్టారు వెనకనుంచి.

తెర మీది రాత పెద్దది చేసి చూసింది. చిరునామాకు అటూ ఇటూ ఉండే కొటేషన్ గుర్తులు నిన్నటి వరసల్లో నిటారుగా ఉన్నాయి. ఇవాళ్టి వరసల్లో కొడవళ్లలా వంగి ఉన్నాయి. తాను అలా కొట్టలేదే! మళ్లీ ఆ మీట నొక్కింది. నిటారు గుర్తు పడీ పడగానే, ఆమె కళ్లముందే, వయ్యారంగా వంపు తిరిగింది.

"దొరికింది మాస్టారూ, దొరికింది! నేను కాదు, ఈ కొత్త కంప్యూటర్లో రాసుకునే ఎడిటరే మార్చేస్తోంది!" కుర్చీలోంచి ఎగిరి లేచింది. ఉత్తరాల్లో, పుస్తకాల్లో అందంగా ఉండే వంపు గుర్తును కంప్యూటరు చిరునామాకు హద్దుగా ఎంచదు. దాన్ని కూడా చిరునామాలోనే కలిపేసుకుని, లేని చోటు వెతుక్కుంటుంది. గుర్తుల్ని వంచే ఆ సదుపాయం ఆపేసి, పన్నెండు గుర్తులూ చెరిపి మళ్లీ కొట్టి పేజీలో పెట్టింది. నొక్కింది. మ్యాపు తెరుచుకుంది! రెండోది. మూడోది. ఆరూ!

ఫోన్లో సత్యవతి కేక: "వచ్చింది, దారొచ్చింది! పోనివ్వండ్రా పడవ!" ఆ వెనకే ఇంజను మోత.

నీలవేణి నవ్వుతోంది, ఆయాసపడుతోంది.

"ఎంత పని చేసింది మాస్టారూ ఇది! నా గుర్తులు దిద్దమని దీన్నెవరడిగారు?"

మాస్టారు తెర వంక జాలిగా చూశారు.

"పాపం, దాన్నేమీ అనకమ్మా. అదీ మేలు చేద్దామనే దిద్దింది. నువ్వు ఉత్తరం రాస్తున్నావనుకుంది."