కాగితంలో లేని లోపం

శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు దాలినాయుడుగారికి లేదు. చేతిలో పని ముగిసేదాకా ఊరుకుని, తర్వాత అడిగినవాడికే ఇంకో పని అప్పజెప్పేవారు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే రోడ్డు మొదట్లో ఆయన మోటారుసైకిళ్ల షెడ్డు ఉండేది. ఘాటీ, అంటే ఆ మలుపుల కొండదారి, ఎక్కే బండి ఏదైనా ఒకసారి ఆయనకు చూపించి పైకి వెళ్లడం ఆ చుట్టుపక్కల మామూలు.

సన్యాసిరావు ఆయన దగ్గర పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాడు. ప్రేమానందం వచ్చి రెండేళ్లు. ఆ రెండేళ్లలోనే షెడ్డుకొచ్చే పెద్ద బళ్లు, ముందుకు వంగి కూర్చుని నడిపే స్పోర్ట్స్ బళ్లన్నీ ఒక్కొక్కటిగా ప్రేమానందం చేతికి వెళ్లిపోయాయి. సన్యాసిరావుకు పాలక్యాన్లు మోసే బళ్లు మిగిలాయి. ఇంజను చప్పుడు వినమని గురువుగారు ప్రేమానందాన్ని పిలిచిన రోజు సన్యాసిరావుకు అన్నం సహించేది కాదు. "అన్నా, టీ తాగావా?" అని ప్రేమానందం మామూలుగా అడిగినా అందులో ఏదో ఎకసెక్కం వినిపించేది. చివరికి అతను పని చేస్తూ సన్నగా ఈల వేసుకోవడం కూడా ఇతనికి కంపరంగా ఉండేది.

ఒక శుక్రవారం పొద్దున ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, మన పనిలో గొప్పవాడెవడు? బాగా బిగించేవాడా, బిగించినదాంట్లో తప్పు పట్టగలిగేవాడా?"

ఆ ప్రశ్న ఎవరి గురించో షెడ్డులో అందరికీ తెలుసు. దాలినాయుడుగారు విప్పిన కార్బురేటరును తుడిచి పక్కన పెట్టారు.

"కరుణ టీచరు బండి ప్రేమానందం సిద్ధం చేశాడు. రేపు బ్రేకు ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. ఈపూట నువ్వే ఇన్‌స్పెక్టరువి అనుకో. కనబడినవన్నీ కాగితం మీద రాసివ్వు," అన్నారు.

కరుణ చింతపల్లి బడిలో వ్యాయామం నేర్పే పంతులమ్మ. ఉద్యోగం వచ్చిన కొత్తలో ముచ్చటపడి కొనుక్కున్న ఎర్ర స్పోర్ట్స్ బండి అది. పదిహేనేళ్లు నిండాయి కాబట్టి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని మళ్లీ పరీక్ష చేయించి కాగితం తెచ్చుకోవాలి. వారం వారం ఆమె దాని మీదే ఘాటీ దిగి తల్లిని చూసి, మళ్లీ ఎక్కిపోయేది.

సన్యాసిరావు బండి చుట్టూ తిరిగాడు. ఏ పనినీ అతను అంత శ్రద్ధగా చేసి ఎరగడు. ఈ జాతి బళ్లు పరీక్షలో దేని మీద పోతాయో అతనికి కంఠతా వచ్చు. షోకు కోసం పీకేసిన అద్దాలు తిరిగి పెట్టారు గానీ ఒకటి వదులు. సీటు కిందికి మడిచిన నంబరు పలక అక్షరాలు కనబడవు. సైలెన్సరు మార్చింది, మోత ఎక్కువ. వెనక టైరు నడిమధ్య అరిగింది. చైను జారుగా ఉంది. ముందు బ్రేకు ప్యాడ్లు పలచబడ్డాయి. ఒక్కొక్కటి రాస్తుంటే కడుపులో చల్లగా ఉంది. ఆరయ్యాయి.

తర్వాత ముందు చక్రాన్ని నేల మీంచి లేపి, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు రెండు కాళ్లూ పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాడు. హ్యాండిలు మెడలో టక్కుమంది. మళ్లీ ఊపాడు. మళ్లీ టక్కుమంది. హ్యాండిలు తిరిగే బేరింగులు, షెడ్డు భాషలో కోన్‌సెట్టు, అరిగిపోయాయి. వేగంలో ఉండగా మలుపులో బ్రేకు పడితే హ్యాండిలు మాట వినదు.

పెన్సిలు కాగితం మీద ఆగింది. ఇది రాస్తే సాయంత్రానికల్లా వాడు కొత్తది వేసేస్తాడు, రేపు దర్జాగా పాసవుతాడు. రాయకపోతే ఇన్‌స్పెక్టరే పట్టుకుంటాడు, నలుగురి ముందూ ఫెయిలంటాడు. తల వంచుకుని బండి తోసుకొస్తున్న ప్రేమానందం అతని కళ్లముందు కదిలాడు. ఆ బొమ్మ ఎంతో ఇంపుగా తోచింది. సన్యాసిరావు కాగితం మడిచి గురువుగారి చేతిలో పెట్టాడు.

ప్రేమానందం ఆ కాగితం చూసి నొచ్చుకోలేదు. "నాకు తట్టనేలేదన్నా," అని ఆరూ సరిచేసుకున్నాడు. అదీ సన్యాసిరావుకు మంటగానే ఉంది.

మర్నాడు పదింటికి ప్రేమానందం తిరిగొచ్చాడు. బండి తోసుకుంటూ కాదు, నడుపుకుంటూ. ఇన్‌స్పెక్టరు లైట్లు, హారను, బ్రేకులు, టైర్లు, పలక చూశాడట. ఇంత పాత బండి ఇంత బాగా ఉండడం అరుదని మెచ్చుకుని సంతకం పెట్టాడట. గురువుగారు ప్రేమానందం భుజం తట్టారు. ఆ చెయ్యి తన భుజం మీద పడి ఎన్నేళ్లయిందో సన్యాసిరావు లెక్క వేసుకోబోయి మానేశాడు. తను ఏరి ఇచ్చిన ఆరు తప్పులే వాడిని గట్టెక్కించాయి. ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది.

కరుణ వచ్చి అందరికీ హల్వా పంచింది. మధ్యాహ్నం పిల్లలకు కబడ్డీ పోటీలున్నాయని, ఒంటిగంటకల్లా పైన ఉండాలని, హెల్మెట్టు పెట్టుకుంది. తాళం తిప్పింది. బండి నెమ్మదిగా రోడ్డు వైపు కదిలింది.

సన్యాసిరావు నోట్లో హల్వా అలాగే ఉంది. ఎప్పుడు లేచాడో, ఎలా పరుగెత్తాడో అతనికే తెలీదు. బండికి అడ్డంగా నిలబడి హ్యాండిలు పట్టుకున్నాడు.

"దిగండి టీచరుగారూ. ఈ బండి ఘాటీ ఎక్కకూడదు."

"అదేమిటి? ఇప్పుడేగా పాసయింది?"

"కోన్‌సెట్టు పోయింది."

ప్రేమానందం వచ్చి, చక్రం లేపి ఊపి చూశాడు. టక్కుమంది. అతని ముఖం పాలిపోయింది. తలెత్తి, "నిన్న నువ్వు చూశావు కదన్నా? కాగితంలో లేదే?" అన్నాడు. అందులో నింద లేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

కనబడలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. సన్యాసిరావు ఆ మాటను పెదవుల దాకా తెచ్చుకున్నాడు కూడా.

"చూశాను," అన్నాడు. "రాయలేదు."

కరుణ హెల్మెట్టు తీసి ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. పోటీలు సోమవారానికి మార్చమని బడికి ఫోను చేసింది. సన్యాసిరావు వైపు చూడలేదు. ప్రేమానందం పానాలు తెచ్చి కింద కూర్చున్నాడు. సన్యాసిరావు ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ పాత బేరింగులు ఊడగొట్టి కొత్తవి బిగించారు. "పట్టుకో", "వదులు" తప్ప వాళ్ల మధ్య ఇంకో మాట లేదు. ఆరోజు ఈల కూడా లేదు.

బండి వెళ్లిపోయాక సన్యాసిరావు గురువుగారి ముందుకొచ్చి నిలబడ్డాడు. పొమ్మంటారనే అనుకున్నాడు. అందుకు సిద్ధపడే వచ్చాడు.

దాలినాయుడుగారు చేతిలో పని ముగించి అన్నారు. "గొప్పవాడెవడని అడిగావుగా. వాడి చెయ్యి తప్పు చేసింది. నీ కన్ను ఆ తప్పు పట్టింది. రెండూ నిన్ననే అయిపోయాయి. మరి ఇందాక ఆ బండిని ఆపిందెవర్రా?"