మేకు కొట్టని గోడ

మౌలాలి ఉస్తాదు దగ్గర కంబగిరికి తొమ్మిదేళ్ళు నిండాయి. ఏసీ పనిలో అతనికి రానిదంటూ లేదని ఆదోనిలో సగం మంది అనేవారు. మిగతా సగం మందికి ఆ మాట కంబగిరే చెప్పేవాడు.

నిజానికి చెప్పుకోదగ్గ చెయ్యే అతనిది. రాగి గొట్టాన్ని నొక్కు పడకుండా వంచుతాడు. గ్యాసు ఎక్కడ కారుతోందో సబ్బు నురగ పెట్టకముందే చెబుతాడు. లోపలి పెట్టెను మోసే ఇనప ప్లేటును కంటి అంచనాతోనే గోడకు ఆనించి, ఆ తర్వాత రసమట్టం పెట్టి చూపించి నవ్వుతాడు. ఒక్క పని మాత్రం ఈ తొమ్మిదేళ్ళలో అతని చేతికి రాలేదు. అది గోడకు చిల్లి పెట్టడం.

ఆ పని ఉస్తాదే చేసేవాడు. ఆయన డ్రిల్లింగ్ మిషను పిడికి పాత లుంగీ గుడ్డ చుట్టి ఉండేది. శిష్యులు దాన్ని మోయాలి, తుడవాలి, అంతవరకే. ఆ ఊళ్ళో ఈ పని చేసేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. ఉస్తాదు తన మిషను చేతికిచ్చి "నువ్వు పెట్టు" అనేదాకా శిష్యుడు శిష్యుడే. ఆ మాట పడ్డాకే అతన్ని మేస్త్రీ అంటారు, పెద్ద పనులకు పిలుస్తారు.

బళ్ళారిలో కొత్త హోటలు లేస్తోంది. నలభై గదులు. అక్కడి కాంట్రాక్టరు కంబగిరి పనితనం చూసి ముచ్చటపడ్డాడు గానీ, చివర్లో అడగాల్సిన మాట అడిగాడు. "మీ ఉస్తాదు మిషను ఇచ్చినాడా?" సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు. ఆ ప్రశ్న అప్పటినుంచి కంబగిరి చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఉస్తాదు చాదస్తం కూడా అతనికి తెలుసు. చిల్లి పెట్టే ముందు ఆయన గోడను వేలి కణుపుతో మూడుసార్లు తడతాడు. తర్వాత చెవి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. ఒక్కోసారి రెండు నిమిషాలు, ఒక్కోసారి తెచ్చిన టీ చల్లారిపోయేదాకా. పాత మట్టిగోడైతే లోపల బోలు ఉందేమో చూస్తున్నాడని సరిపెట్టుకోవచ్చు. నిన్నగాక మొన్న కట్టిన అపార్టుమెంటులోనూ అదే వరస. ఒక ఇంటాయన నవ్వాపుకోలేక, "ఏం సాయిబూ, లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"ఇంకా చెప్పలేదు సార్," అన్నాడు మౌలాలి.

ఆయన హాస్యాలాడే మనిషి కాదు. ఇంటాయన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

కంబగిరి మాత్రం గోడలోని వైర్లను పసిగట్టి కూత వేసే చిన్న యంత్రం ఒకటి కొనుక్కున్నాడు. ఇది ఉండగా ఇంక చెవులతో పనేముంది అనుకున్నాడు. ఉస్తాదుకు మర్యాద ఇచ్చినట్టుండాలని తనూ మూడుసార్లు తట్టేవాడు. అలవాటుగా, బస్సు దిగేవాడు తలుపు మీద చరిచినట్టు.

మే నెలలో ఒక శనివారం పొద్దున ఇద్దరూ పాతపేటలో ఒక ఇంటికి బయలుదేరారు. బండి కంబగిరి నడుపుతున్నాడు. వెనక మౌలాలి మిషనును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా మొహం కనిపించదు కాబట్టి కంబగిరికి ధైర్యం వచ్చింది.

"ఉస్తాద్, నాకు మిషను ఎప్పుడిచ్చేది?"



"ఈ పొద్దే. ఈ ఇంట్లోనే," అన్నాడు మౌలాలి.

బండి ఒక్క క్షణం అటూ ఇటూ ఊగింది.

ఆ ఇల్లు శరణమ్మది. నాపరాళ్ళ పంచ, మూరెడు మూరెడు మందాన గోడలు. పురుడు పోసుకున్న కూతురు పసిబిడ్డతో ఎల్లుండి వస్తోందట. లోపలి గది చల్లగా ఉండాలని ఆమె తొందర. మౌలాలి పంచలోనే చతికిలబడి, మిషనును కంబగిరి చేతుల్లో పెట్టాడు.

"నువ్వు పెట్టు. నేనీడే ఉంటా."

తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన మాట. 

శరణమ్మ లోపలి గది చూపించింది. మంచానికి ఎదురుగా ఒకే గోడ తెల్లగా, ఖాళీగా ఉంది. మిగతా గోడల నిండా క్యాలెండర్లు, పెళ్ళి ఫోటోలు, దేవుడి పటాలు. ఆ గోడకు ఒక మేకు గుర్తు కూడా లేదు.

"దీనికే పెట్టు నాయనా. అవతల ఖాళీ సందే. మీ బయటి పెట్టె అక్కడ పెట్టుకోవచ్చు."

"ఈ గోడకేమమ్మా, ఏమీ తగిలించలేదు?"

"మా అత్త తగిలించనిచ్చేది కాదు. ఏటా సున్నం కూడా దీనికి తన చేత్తోనే కొట్టేది. కూలోళ్ళను ముట్టుకోనిచ్చేది కాదు. ఏమిటికో నేను అడగలే, ఆమె చెప్పలే." అనేసి శరణమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కంబగిరి స్టూలెక్కాడు. ప్లేటు ఆనించాడు, రసమట్టంలో బుడగ నట్టనడుమ నిలిచింది. చిల్లి పడాల్సిన చోట పెన్సిలుతో గుండ్రంగా గీశాడు. యంత్రాన్ని గోడంతా తిప్పాడు. అది కూత వేయలేదు. వేలి కణుపుతో మూడుసార్లు తట్టి, మిషను అందుకోవడానికి కిందికి దిగాడు.

వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. గోడ మూడుసార్లు తట్టింది.

అతను తట్టినట్టు గబగబా కాదు. ఒకటి. కాస్త ఆగి ఇంకొకటి. ఇంకాస్త ఆగి మూడోది. నిద్రలో ఉన్న మనిషిని లేపితే మెల్లగా పలికినట్టు.

అవతల పిల్లలెవరో ఆడుకుంటున్నారనుకుని బయటికి వెళ్ళి చూశాడు. ఇంటి పక్కన నాలుగడుగుల సందు. తుమ్మకంప, ఎండ, ఒక పగిలిన కుండ. మనిషి అలికిడి లేదు. గోడ మీద చెయ్యి పెట్టాడు. మిట్టమధ్యాహ్నం కావస్తోంది, ఆ సందులో నేల కాలుతోంది. గోడ మాత్రం కడవ అడుగులా చల్లగా ఉంది. చెయ్యి చటుక్కున తీసేశాడు.

పంచ మీదుగా లోపలికి వస్తుంటే మౌలాలి తలెత్తి చూశాడు. 

చెబితే ఏమవుతుందో కంబగిరికి తెలుసు. మిషను మళ్ళీ ఆయన ఒళ్ళోకి పోతుంది. సోమవారం పోతుంది, బళ్ళారి పోతుంది. ఇంకో తొమ్మిదేళ్ళు గుడ్డ చుట్టిన పిడిని తుడుస్తూ కూర్చోవాలి. పాత గోడ, ఎండకు రాళ్ళు సాగి చప్పుడు చేసి ఉంటాయి అనుకున్నాడు. చల్లటి రాళ్ళు ఎలా సాగుతాయని తన మనసే అడిగితే, దాని నోరు మూయించి స్టూలెక్కాడు.

ముందు సన్నబిట్టుతో దారి చేసుకోవాలి. మిషను మొదలుపెట్టాడు. పొరలు పొరలుగా సున్నం రాలింది, తర్వాత ఎర్రమట్టి. వేలెడు లోతు పోయేసరికి నొక్కకుండానే బిట్టు దానంతటది లోపలికి జారింది. లోపలినుంచి ఎవరో పట్టి లాగినట్టే అనిపించింది. బెదిరి వెనక్కి లాగేశాడు.

చిల్లి అంచున దుమ్ము ఉంది. అది కింద పడలేదు. సన్నగా లోపలికి పోయింది. ఒక క్షణం ఆగి, మళ్ళీ బయటికి వచ్చి అతని మొహం మీద పడింది. దాంతోపాటు చల్లటి గాలి. అప్పుడే సున్నం కొట్టిన గది వాసన. గాలి మళ్ళీ లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది.

భయంతో కంబగిరి ఊపిరి బిగబట్టాడు. చిల్లిలో గాలి కూడా ఆగింది. ఎంతసేపు బిగబట్టగలడు? వదిలాడు. అదీ వదిలింది.



"అయిందా రా?" పంచలోంచి మౌలాలి గొంతు.

అయింది అనే మాట కంబగిరి పళ్ళ దాకా వచ్చింది. పది నిమిషాల పని. పెద్ద బిట్టు తగిలించి, నీళ్ళు బయటికి జారేట్టు కాస్త వాలుగా కోస్తే చాలు. గొట్టాలు దూర్చి, పెట్టె తగిలించేస్తే ఆ చిల్లి జన్మలో ఎవరికీ కనపడదు. ఏసీ చప్పుడులో ఇంకే చప్పుడూ వినపడదు. పెద్ద బిట్టు బిగించాడు. పెన్సిలు గీత మీద ఆనించాడు. వేలు మీట మీద పెట్టాడు.

బిట్టు ఆనిన చోట, సరిగ్గా అక్కడే, లోపలినుంచి ఒక్క తట్టు. గట్టిగా కాదు. మిషనులోంచి, గుడ్డ చుట్టిన పిడిలోంచి అతని అరచేతిలోకి వచ్చి ఆగింది. వద్దన్నట్టు కూడా లేదు. ఉన్నాను అన్నట్టు ఉంది.

కంబగిరి మీట నొక్కలేదు. మిషనును దించి, చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు. స్టూలు దిగి పంచలోకి వచ్చి ఉస్తాదు ముందు నిలబడ్డాడు. బళ్ళారి పోయిందని తెలుసు. 

"తట్టినాను ఉస్తాద్. జవాబు వచ్చింది. విని కూడా కోసినాను."

"ఎంత?"

"వేలెడు."

మౌలాలి టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. తిట్టలేదు. వంటింటి వైపు తిరిగి, "అమ్మా, మీ ఆకువక్కల పెట్టె ఉంటే ఇస్తారా?" అన్నాడు. శరణమ్మ ఏమీ అర్థం కాక తన అత్త కాలంనాటి ఇత్తడి పెట్టె తెచ్చి ఇచ్చింది. ఆయన గది గడప దగ్గర చెప్పులు విడిచాడు. ఇన్నేళ్ళలో ఏ ఇంట్లోనూ పని చేసే గదిలోకి ఆయన చెప్పులు విడిచి పోవడం కంబగిరి చూడలేదు.

స్టూలెక్కి, నోరు ఆ చిన్న చిల్లి దగ్గర పెట్టాడు. పక్కమంచం మీది పెద్దమనిషితో మాట్లాడినంత నెమ్మదిగా మాట్లాడాడు.

"మా పిల్లోడే. ఆశకొద్దీ తగిలించినాడు. ఏమనుకోవద్దు."

పెట్టెలోంచి తడి సున్నం వేలికి తీసుకుని చిల్లిలో పెట్టి, బొటనవేలితో అదిమి, చుట్టూ నునుపు చేశాడు. పెన్సిలు గీతను పైపంచెతో తుడిచాడు. మూడుసార్లు తట్టి చెవి ఆనించాడు.

 శరణమ్మ గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. చాలాసేపు ఏమీ వినపడలేదు.

తర్వాత ఒక్క తట్టు వినిపించింది. ముగ్గురూ విన్నారు.

మౌలాలి తల వంచి స్టూలు దిగాడు. పెట్టెను శరణమ్మకు తిరిగి ఇస్తూ, "ఏటా సున్నం మీ చేత్తోనే కొట్టండమ్మా," అన్నాడు. ఆమె సరేనన్నట్టు తలూపింది. ఎందుకని ఆమె కూడా అడగలేదు.

వీధి వైపు గోడ దగ్గరికి వెళ్ళి ఆయన కంబగిరికి సైగ చేశాడు. కంబగిరి పటాలు తీసి, తట్టి, చెవి ఆనించాడు. దూరంగా ఆటో పోయిన చప్పుడు. ఎక్కడో కుక్కరు విజిలు. గోడలో ఏమీ లేదు.

"లేదు ఉస్తాద్."

"ఇంకాసేపు చూడు."

ఇంకాసేపు చూశాడు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు. లేదు. అప్పుడు మౌలాలే మిషను ఎత్తి ఆ గోడకు చిల్లి పెట్టాడు. వీధి వైపు బయటి పెట్టెకు చోటు లేక, గొట్టాన్ని తలుపు మీదుగా చుట్టూ తిప్పి మిద్దె మీదికి ఎక్కించాల్సి వచ్చింది. పద్దెనిమిది అడుగులు ఎక్కువ పట్టింది. మూడింటికల్లా గదిలో చల్లగాలి తిరిగింది. తెల్ల గోడ ఎప్పటిలా ఖాళీగా ఉంది. సున్నం ఆరి, ఎక్కడ చిల్లి పడిందో కంబగిరికే గుర్తుపట్టరాకుండా పోయింది.

సామాను బండికి కట్టేటప్పుడు అతనింక ఉండబట్టలేకపోయాడు.

"లోపల ఎవరు ఉస్తాద్?"

"ఉండారా అని అడిగేదే మన పని. ఎవరని అడిగేది కాదు."

మౌలాలి మిషను మీది ఎర్రమట్టిని తన పైపంచెతో తుడిచాడు. ఆ పని ఎప్పుడూ కంబగిరిదే. గుడ్డ చుట్టిన పిడిని సరిచేసి, దాన్ని అతని ముందుకు చాపాడు. బండి మీద పెట్టమంటున్నాడేమో అనుకున్నాడు కంబగిరి.

"సోమవారం బళ్ళారికి దీన్నే ఎత్తుకొని పో."

కంబగిరి చెయ్యి చాపలేదు. "నేను చెడగొట్టినాను కదా ఉస్తాద్," అన్నాడు. 

"దీన్ని ఎత్తేది నీకు రెండో ఏడే వచ్చింది రా," అన్నాడు మౌలాలి. "దించేది ఈ పొద్దు వచ్చింది."

కంబగిరి రెండు చేతులా అందుకున్నాడు. మూడు దాటినా ఎండ మాడుస్తోంది. అతని కుడి అరచెయ్యి మాత్రం ఇంకా చల్లగానే ఉంది.